రాళ్ళ మీద ప్రాకే చిన్న బండి

ఆటబండిని గూర్చి ఇన్ని మాటలు వ్రాయవలసిన అవసరమేమున్నది అని పాఠకులలో కొందరు అనుకొనవచ్చు. కొన్ని సంవత్సరముల క్రిందట ఎవరైనా మమ్మును అడిగియుంటే మేమును అదే మాట అనియుండేవారము. అయితే జానెడు పొడవున్న ఒక బండి మా కుటుంబములో చేసిన మేలును, తెచ్చిన తగవును కూడ చూచిన తర్వాత, దానిని గూర్చి నలుగురికి చెప్పుట మంచిదని మాకు తోచినది.

మేము ప్రకాశం జిల్లాలో చీమకుర్తికి సమీపమున ఒక పల్లెలో వ్యవసాయము చేసికొని బ్రదుకుచున్నవారము. 2023వ సంవత్సరము మార్చి నెలలో మా అమ్మాయి పిలుపు మీద అమెరికా దేశము వెళ్ళి, టెక్సాస్ రాష్ట్రములో ఆస్టిన్ నగరమునకు దగ్గరగా ఉన్న వారి ఇంట ఆరు నెలలు ఉన్నాము. మా మనుమనికి అప్పుడు పన్నెండేళ్ళు. అంతకు కొద్ది నెలల ముందే వారు ఇల్లు మారారు. బడి మారినది, స్నేహితులు దూరమైనారు. పిల్లవాడు బడినుండి రాగానే గదిలోనికి వెళ్ళి తలుపు వేసికొనేవాడు. "తిన్నావా నాయనా?" అంటే "తిన్నాను" అనేవాడు. అంతటితో మాట అయిపోయేది. మా తెలుగు వానికి సగమే తెలియును; వాని ఇంగ్లీషు మాకు సగమే తెలియును. "వీడు ఎవరితోనూ మాట్లాడటం లేదమ్మా" అని అమ్మాయి వంటగదిలో కంట తడి పెట్టుకొనేది.

ఒక సాయంకాలము ఇంటి వెనుక పూలమడి చుట్టు పేర్చిన సున్నపురాళ్ళ ప్రక్కన వాడు గొంతుకూర్చొని ఉండగా చూచాము. చేతిలో తుపాకి పిడివంటి రిమోటు ఉన్నది. ఎదుట ఒక చిన్న జీపు రాయి ఎక్కుచున్నది. అది పరుగెత్తుట లేదు. ఒక్కొక్క చక్రము రాతిని తడిమి చూచుకొనుచున్నట్లు మెల్లగా ప్రాకుచున్నది. సగము ఎక్కి వెల్లకిల పడినది. వాడు లేపి నిలిపాడు. మరల పడినది. అట్లు ఏడెనిమిది సార్లు జరిగినది. మాలో తాత నలభై ఏళ్ళు ట్రాక్టరు తోలినవాడు గనుక చూచి ఊరకుండలేక, "పైబరువు ఎక్కువైంది నాయనా, కింద బరువు లేదు" అన్నాడు. వాడు వెనుకకు తిరిగి, "కింద అంటే చక్రాల్లోనా తాతా?" అని అడిగాడు. మేము వెళ్ళిన మూడు వారములలో వాడు మమ్ములను అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఈ బండి సంగతి

ఇట్టి బండిని క్రాలర్ అని పిలుచుదురు. అనగా ప్రాకునది అని అర్థము. రిమోటు కార్లలో చాలా భాగము వేగము నిమిత్తము చేసినవే. జపాను దేశములో షిజువోకా పట్టణమునందలి టమియా కంపెనీవారు 1976లో తమ మొదటి రేడియో కారును పోర్షే 934 నమూనాలో తెచ్చారు. అది పందెపు కారు. 1987లో వారే క్లాడ్ బస్టర్ అను పెద్ద చక్రముల ట్రక్కును విడుదల చేశారు. దానికి ముందు ఇరుసుకు ఒక మోటారు, వెనుక ఇరుసుకు ఒక మోటారు ఉండెను. ముందు చక్రములే గాక వెనుక చక్రములు కూడ ప్రక్కకు మళ్ళేవి. రాళ్ళ మీద బండి ఎక్కించవలెనని సరదాపడిన కొందరు ఆ ఇరుసులను ఊడదీసి, తామే చేసికొన్న చట్రములకు బిగించి రాళ్ళెక్కించారు. కంపెనీలు క్రాలర్లను విరివిగా చేసి అమ్ముట ఆ తర్వాతి మాట. కాబట్టి ఇది మొదటినుండియు బండిని విప్పి మార్చుకొనేవారి ఆటయే.

మా మనుమని బండి యాక్సియల్ కంపెనీవారు తెచ్చిన ఎస్‌సిఎక్స్24 అనునది. ఆ 24 అను అంకెకు, నిజమైన జీపులో 24వ వంతు అని అర్థము. ధర వంద డాలర్లు దాటును. అనగా ఆనాటి మన రూపాయలలో ఎనిమిది వేలకు పైమాటే. వాడు పుట్టినరోజున వచ్చిన డబ్బుతో కొనుక్కొన్నాడు. ఆ టెక్సాస్‌లోనే ఉన్న ట్రాక్సాస్ కంపెనీవారు 2022లో దీనికంటె కొంచెము పెద్దది, 18వ వంతు బండిని, టిఆర్ఎక్స్-4ఎమ్ అను పేరున తెచ్చారు. ఇంత చిన్న బండ్లకు కొండలు అక్కరలేదు. నాలుగు రాళ్ళు, ఒక కట్టెదుంగ చాలును. వానరోజున ఇంటిలో పుస్తకములు, దిండ్లు పేర్చి ఆడుకొనవచ్చు.

దీనిలో పోటీలు కూడ జరుగును. రాళ్ళ నడుమ రెండేసి పుల్లలు నిలిపి ద్వారములు ఏర్పరచెదరు. వాటిగుండా వరుసగా బండిని తోలవలెను. పుల్లకు తగిలినా, వెనుకకు నడిపినా, పడిన బండిని చేతితో లేపినా అంకెలు కలియును. చివరకు తక్కువ అంకెలు వచ్చినవాడే గెలిచినట్లు. సమయము మించనంతవరకు తొందరపడినందున లాభమేమియు లేదు.

ట్రాక్టరు తోలినవారికి తెలిసిన విషయములే

ఆ రాత్రి వాడు బల్ల మీద బండిని విప్పి మాకు చూపించాడు. చూడగా అందులో మాకు తెలియనిది తక్కువే. ట్రాక్టరు ఒక చక్రము బురదలో దిగబడినప్పుడు ఆ చక్రమే ఊరక తిరుగును, గట్టినేల మీది చక్రము కదలదు. అప్పుడు మనము డిఫరెన్షియల్ లాక్ పెడలు త్రొక్కుదుము. రెండు చక్రములు కలిసి తిరిగి బండి బయటపడును. క్రాలరులో ముందు ఇరుసుకును, వెనుక ఇరుసుకును ఆ లాకు ఎల్లప్పుడు పడియే ఉండును. ఒక చక్రము గాలిలో లేచినా మిగిలిన మూడు నెట్టుచునే ఉండును. అందువలన మలుపు తిరుగుటకు ఎక్కువ చోటు కావలెను. ఆ కష్టమును భరించియే రాళ్ళెక్కే బలమును సంపాదించుకొనెదరు.

రెండవది గేరు. బరువు లాగునప్పుడు మనము లో గేరు వేసినట్లే, దీని మోటారు చాలాసార్లు తిరిగితే గాని చక్రము ఒక్కసారి తిరుగదు. మూడవది, వ్రేలు తీసిన వెంటనే బండి వాలులో ఉన్నచోటనే నిలిచిపోవును. మోటారే బ్రేకు అగును. ఆగి, చూచి, చక్రము ఏ రాతి అంచున పెట్టవలెనో ఎంచుకొని మరల కదలవచ్చు.

అయితే ఒక విషయములో తాత పొరబడ్డాడు. దుక్కిలో వెనుక చక్రములు ఊరక తిరుగకుండ ట్రాక్టరు టైర్లలో నీళ్ళు నింపే అలవాటు కొలది, "వెనక చక్రాల్లో బరువు వెయ్యి నాయనా" అన్నాడు. కారు చక్రములకు బ్యాలెన్సు కొరకు అంటించే ఇనుప బిళ్ళలు తెచ్చి వేసి చూడగా, బండి ఇదివరకటి కంటె త్వరగా వెల్లకిల పడినది. పిల్లవాడు నవ్వి, ఆ బిళ్ళలు తీసి ముందు ఇరుసుకు అంటించాడు. ఈసారి అదే రాయి ఎక్కినది. ట్రాక్టరును నెట్టేవి వెనుక చక్రములు. దీనిని నాలుగు చక్రములు నెట్టును. ఎత్తు ఎక్కునప్పుడు బరువు దానంతట అదే వెనుకకు జరుగును గనుక మనము ముందే ముందుభాగమున కొంచెము ఎక్కువ బరువు ఉంచవలెను. ట్రాక్టరు మూతి లేవకుండ ముందు ఇనుప బరువులు తగిలించుట మనము ఎరిగినదే గదా! తాతకు ఆ మాట తట్టలేదు, మనుమనికి తట్టినది.

డబ్బు దగ్గర వచ్చిన తగవు

అప్పటినుండి ప్రతి సాయంకాలము మేము ముగ్గురము రాళ్ళ దగ్గర చేరేవారము. కాని ఒక నెల గడువగానే ఇంటిలో పెద్ద మాటలు వచ్చినవి. ఈ బండ్లకు విడిభాగములు లెక్కలేనన్ని దొరుకును. ఇత్తడి చక్రములు, ఇత్తడి ఇరుసు మూతలు, బలమైన స్టీరింగు మోటారు, నూనె పోసే షాక్ అబ్సార్బర్లు, మెత్తని టైర్లు, ఇట్లు ఒకటి తర్వాత ఒకటి వచ్చుచుండెను. అమ్మాయి అడిగినప్పుడెల్ల సరే అన్నది. నెలాఖరున అల్లుడుగారు కార్డు బిల్లు చూచి లెక్కవేయగా, భాగముల ఖరీదు బండి ఖరీదును మించిపోయినది. ఆయన గొంతు పెంచారు. బండిని పెట్టెలో పెట్టి ఎవరికైనా ఇచ్చివేయుదునన్నారు. పిల్లవాడు మరల గదిలోనికి వెళ్ళి తలుపు వేసికొన్నాడు.

అల్లుని ఇంట మాట కలుపుకొనుట మన మర్యాద కాదని మేము ఊరకున్నాము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బరువు వేయుమన్నది మేమే గదా! అంతకు ముందు రోజుననే వాడు ఇత్తడి భాగములన్నియు ఒకేసారి బిగించగా, ఆ బరువుకు ముందు ఇరుసులోని సన్నని కడ్డీ మెలికపడి విరిగినది. ఆ సంగతియు ఇంట ఎవరికిని చెప్పలేదు. ఉదయము తాత కాఫీ త్రాగుచు, "అల్లుడుగారూ, ఇందులో మా తప్పు కూడా ఉందండీ. పిల్లాడిని ఎగదోసింది మేమే" అని ఉన్నదున్నట్లు చెప్పాడు. ఆయన కొంచెముసేపు మాటలాడలేదు. తర్వాత, "మామయ్యగారూ, డబ్బు సంగతి కాదండీ. ఏది ఎందుకు కొంటున్నాడో వాడికే తెలియడం లేదు" అన్నారు. ఆలోచించగా ఆ మాట న్యాయమే అనిపించినది.

ఒక్కసారికి ఒక్క మార్పు

అందరము కూర్చొని ఒక ఏర్పాటు చేసికొన్నాము. మూడు నెలలవరకు కొత్త భాగములు కొనరాదు. ఉన్నవాటిని ఒక్కసారికి ఒక్కటే బిగించవలెను. బిగించకముందు బండి ఎంత వాలు ఎక్కినదో, బిగించిన తర్వాత ఎంత ఎక్కినదో నోటు పుస్తకములో వ్రాయవలెను. కొలత కొరకు ఒక చెక్కపలక తెచ్చి, ఒక చివర క్రింద పుస్తకములు పేర్చుచు పోయాము. బండి జారినదా, పడినదా, ఎన్ని పుస్తకముల ఎత్తున పడినది అని వాడు వ్రాసికొనేవాడు. వారము తిరుగకముందే అల్లుడుగారు తమ ఫోనును పలక మీద ఆనించి వాలు ఎన్ని డిగ్రీలో చదివి చెప్పుట మొదలుపెట్టారు. మేము ఆయనను పిలువలేదు, ఆయనే వచ్చారు.

ఆ పుస్తకములోని విషయములు ఇట్టి బండి ఉన్న ఏ కుటుంబమునకైనను పనికివచ్చును గనుక కొన్నిటిని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదటి మార్పునకు ఖర్చే లేదు. వాడు అందము కొరకు జీపు పైకప్పు మీద చిన్న డబ్బాలు, అదనపు చక్రము, నిచ్చెన అంటించాడు. వాటిని తీసివేసిన రోజున బండి అంతకుముందు పడిన వాలులో నిలిచినది. పైన ఒక తులము తీసివేయుట క్రింద కొన్ని తులములు చేర్చుటతో సమానమని అప్పుడు తెలిసినది.

రెండవది టైర్లు. మెత్తని రబ్బరు రాతి గరుకును పట్టుకొనును. ఈ టైర్లలో గాలి కొట్టరు. లోపల స్పాంజి ఉండును. గాలి పోవుటకు సన్నని రంధ్రము ఉండును. స్పాంజి గట్టిగా ఉంటే టైరు రాతి మీద చదునుగా ఆనదు. మాలో అమ్మమ్మ కుట్టుపని ఎరిగినది గనుక, వంటింటి స్పాంజిని కొలతకు కత్తిరించి లోపల పెట్టి, సూదితో రంధ్రము సరిచేసినది. ఆ రోజు లెక్కలో, కొన్న షాక్ అబ్సార్బర్ల కంటె ఆ స్పాంజి ముక్కలే ఎక్కువ మేలు చేసినట్లు వాడు వ్రాసికొన్నాడు.

మూడవది బరువు. ఇత్తడి అల్యూమినియము కంటె దాదాపు మూడు రెట్లు బరువైనది. అందుకే చిన్న చోటులో ఎక్కువ బరువు ఇముడును. అది చక్రములలోను ఇరుసుల మీదను, అనగా నేలకు దగ్గరగా ఉండవలెను. అయితే బరువు పెరిగినకొద్ది మోటారు వేడెక్కును, బ్యాటరీ త్వరగా అయిపోవును, సన్నని కడ్డీలు విరుగును. ముందు చక్రములలో మాత్రమే ఇత్తడి ఉంచి మిగిలినవి తీసివేయగా బండి చక్కగా నడిచినది. కొన్న ఇత్తడిలో సగము డబ్బాలోనే మిగిలినది.

నాలుగవది స్టీరింగు. చక్రములు మళ్ళించే చిన్న మోటారును సర్వో అందురు. బరువైన చక్రములు రాళ్ళ సందున ఇరుకుకొన్నప్పుడు బలహీనమైన సర్వో మళ్ళించలేదు. బలమైనది వేయవచ్చు గాని అది ఎక్కువ కరెంటు తీసికొనును. బండిలోని సర్క్యూటు దానిని భరించునో లేదో ముందే చూచుకొనవలెను.

షాక్ అబ్సార్బర్ల విషయములో మాకు తెలిసినది ఒక్కటే. గట్టి స్ప్రింగులు వేసితే బండి ఠీవిగా నిలుచును గాని చక్రము పల్లములోనికి దిగదు. మెత్తగా ఉంటేనే నాలుగు చక్రములు నేలను విడువవు.

బ్యాటరీని గూర్చి ఒక హెచ్చరిక

ఈ బండ్లలో ఎక్కువగా లిథియం పాలిమర్ బ్యాటరీ ఉండును. మా మనుమని బండిలోనిది రెండు సెల్లులది, 7.4 వోల్టులది. ఒక్కొక్క సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు చూపును. 3 వోల్టుల కంటె దిగిపోతే చెడిపోవును. దానికని చేసిన ఛార్జరుతోనే, సిమెంటు నేల మీద, పెద్దలు ఎదుట ఉండగా ఛార్జి చేయవలెను. రాత్రి పెట్టి నిద్రపోరాదు. పరుపు మీద పెట్టరాదు. విమానములో తెచ్చునప్పుడు విడి బ్యాటరీలను పెద్ద పెట్టెలో వేయక, వాటి కొసలకు టేపు చుట్టి చేతిసంచిలో తెచ్చుకొనవలెను.

ఇంత ఎరిగియు మేమే ఒక తప్పు చేశాము. 2024 డిసెంబరులో అమ్మాయి కుటుంబము క్రిస్మసుకు మా ఇంటికి వచ్చి, తిరిగి వెళ్ళునప్పుడు పిల్లవాడు ఆ బండిని మా వద్దనే ఉంచి వెళ్ళాడు. ఒక రాత్రి తాత బండి నుండి బ్యాటరీ తీయుట మరచిపోయాడు. రెండు రోజుల తర్వాత చూడగా అది వడవలె ఉబ్బినది. ఫోనులో చూపించితే వాడు గాబరాపడి, "తాతా, ఛార్జి పెట్టవద్దు! గుచ్చవద్దు! బయట ఇసుకలో పెట్టు" అన్నాడు. మట్టికుండలో ఇసుక పోసి, అందులో ఉంచి, ఇంటికి దూరముగా పెట్టాము. తర్వాత ఒంగోలు వెళ్ళినప్పుడు పాత ఎలక్ట్రానిక్ సామాను తీసికొనేవారికి అప్పగించాము. తాతకు వాడు చేసిన బోధ ఇంకను అయిపోలేదు. ఇప్పటికిని ఫోను చేసిన ప్రతిసారి, "బ్యాటరీ తీసావా?" అనునదే మొదటి మాట.

చీమకుర్తి రాళ్ళ మీద

మా ప్రాంతములో నల్ల గ్రానైటు రాయి లోక ప్రసిద్ధమైనది. బంగారు చుక్కలు మెరసే ఆ పలకలు విదేశములకు పోవును. గోడ కట్టించినప్పుడు మిగిలిన ముక్కలు మా దొడ్డిలో ఒక కుప్పగా పడియుండెను. సెలవులలో వచ్చినప్పుడు పిల్లవాడు ఆ కుప్పను చూచి, టెక్సాస్ సున్నపురాయి కంటె ఇది మంచిదా కాదా అని పరీక్ష చేయ మొదలుపెట్టాడు. పగిలిన గరుకు ముఖము మీద టైరు గట్టిగా పట్టినది. పాలిషు చేసిన ముఖము మీద స్పాంజి పెట్టిన మెత్తని టైరు కూడ జారిపోయినది. మా వీధి పిల్లలు చుట్టు చేరారు. "ఎడమకి! ఎడమకి! ఆ పల్లంలో పెట్టు!" అని వారు అరచుచుండగా, వాడు వారి మాట విని తోలుచుండెను. ఎత్తు, పల్లము, వాలు, జారుడు, అంచు, ఇరుకు అను మాటలన్నియు వానికి ఆ రాళ్ళ కుప్ప మీదనే వచ్చినవి. రెండవ రోజుకు రిమోటు వాని చేతిలో లేదు. వరుసగా ఒక్కొక్క పిల్లవానికి ఇచ్చుచు, తాను పుల్లలు నాటి, అంకెలు వ్రాయుచు కూర్చున్నాడు.

వానికి కష్టములన్నియు తీరిపోయినవని మేము చెప్పుట లేదు. ఆ క్రొత్త బడి ఇంకను వానికి అంత ఇష్టము లేదు. తలుపు ఇప్పటికిని కొన్ని రోజులు మూసియుండునని అమ్మాయి చెప్పుచున్నది. అయితే ఆ తలుపు తట్టి అడుగుటకు మాకు ఒక మాట దొరికినది.

ఇది చదివి పిల్లలకు అంత ధర పెట్టి బండి కొనవలెనని ఎవరును తలంచవద్దు. తక్కువ ధర రిమోటు బండ్లు మన పట్టణములలోను దొరుకును. ఏ బండియైనను సరే, పిల్లవాడు దానిని విప్పునప్పుడు "పాడుచేస్తున్నావు" అని కసరక, ప్రక్కన కూర్చొని, ఒక స్క్రూ పట్టుకొని చూడండి. ఊడిన స్క్రూలు పోకుండ ఒక పళ్ళెము పెట్టండి. ఒక నోటు పుస్తకము ఇవ్వండి. మీకు ట్రాక్టరు తెలిస్తే ట్రాక్టరును గూర్చి, ఎద్దుబండి తెలిస్తే ఎద్దుబండిని గూర్చి చెప్పండి. వాడు మీకు తెలియనిది ఒకటి చెప్పినప్పుడు ఒప్పుకొనండి.

శనివారము రాత్రి మాకు తొమ్మిది గంటలైనప్పుడు వారికి ఉదయము. ఫోను గ్రానైటు కుప్ప ఎదుట ఆనించి, దీపము పెట్టి, తాత బండి తోలును. అక్కడినుండి వాడు చూచుచు, "తొందర లేదు తాతా, ఆగు. ఇప్పుడు కుడికి" అని చెప్పుచుండును.